రెండు గాజు గొట్టాలు

కరెంటు పోయిన మే మధ్యాహ్నం.
కర్నూలు పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, ల్యాబు.
గోడమీది థర్మామీటరు నలభై రెండు దాటింది.
నాకు కావలసింది ముప్పై ఏడు,
గంటసేపు, కదలకుండా.

ఊరంతటిలో ఆ వేడిని తప్పకుండా ఇచ్చేది
మనిషి ఒళ్లొక్కటే.
కుడి చంకలో పిల్ల నెత్తురు,
ఎడమ చంకలో నాది, పోల్చి చూడ్డానికి.
రెండు గాజు గొట్టాలు పెట్టుకొని
చేతులు కట్టుకొని కూర్చున్నాను.
అటెండరు దస్తగిరి తలుపు తీసి, చూసి,
ఏమీ అడక్కుండా మళ్లీ వేశాడు.

గంటకు తీసి కిటికీ వెలుతురుకు పట్టాను.
నాది గాజును వదిలి మధ్యకు ముడుచుకుంది,
చుట్టూ పసుపు తేట ఊరింది.
పిల్లది పోసింది పోసినట్టే ఉంది.
గడ్డ కట్టింది గానీ బిగుసుకోలేదు.

పేరు సుంకులమ్మ. పదమూడేళ్లు.
పెద్దమనిషై ఇరవై రెండు రోజులు,
ఆగలేదు.
తుగ్గలి నుంచి బస్సులో గోనెపట్ట మీద కూర్చోబెట్టి తెచ్చారు.
చిన్నప్పుడు పాలపళ్లు ఊడినప్పుడల్లా
రాత్రికి మూడుసార్లు దిండుగుడ్డ మార్చేవారట.
లెక్కబెట్టిన డాక్టర్లందరూ
ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు, బాగున్నాయని రాసి పంపారు.
నిజమే. బాగున్నాయి.

కేసీ కాలువకు గండి పడ్డనాడు చూశాను:
లారీల్లో ఇసుక వచ్చింది, సంచులొచ్చాయి, జనమూ వచ్చారు.
మూతి కట్టే పురికొస తేవడం
ఎవరికీ గుర్తులేదు.

తర్వాత పంతొమ్మిదేళ్లు నేను చేసింది
పురికొస వెతకడమే.
పత్తికొండ, ఆలూరు, దేవనకొండ.
బస్సు దిగి నడిచి, చిగుళ్లు చూపించమని,
ఎవరికి ముక్కు కారేది, ఏ కాన్పులో ఎవరు పోయారు అని
అడిగి, వంశవృక్షాలు గీసుకున్నాను.
మేనరికానికి జంట గీత గీయాలి.
మూడో తరానికొచ్చేసరికి
కాగితం మీద చెట్టు లేదు, వల ఉంది.
సుంకులు అవ్వ నా వేలు వెంబడి ఆ గీతలన్నీ చూసి,
"మా నెత్తురు మాకాడనే ఉండాలని కదమ్మా
అక్క కూతుర్ని తమ్మునికిచ్చింది" అంది.
దానికి నా ఫారంలో గడి లేదు.
అడుగున పెన్సిలుతో రాసుకున్నాను.

నెత్తురు తీసిన నాలుగు గంటల్లో పరీక్ష కావాలి.
బెంగళూరు బస్సుకు ఏడు పట్టేది.
అందుకని సీసాను కాదు, మనిషినే
పక్కసీట్లో కూర్చోబెట్టుకొని తీసుకుపోయేదాన్ని.
గుత్తి దాటాక అందరూ
నా భుజం మీదే నిద్రపోయేవాళ్లు.

తొలకరి పడితే వాళ్ల నాయన కౌలుట్లయ్య
జొన్నగిరి చేలల్లో వంగి వజ్రాలు వెతికేవాడు.
ఖరీదైన సూది ఒకటుందని నేనే నోరు జారాను.
రాయి దొరికితే ఆ సూది కొందామమ్మా అనేవాడు.
మైక్రోస్కోపు మీద వంగినప్పుడు
నా నడుమూ అతని నడుములాగే నొచ్చేది.
ఇద్దరికీ చాలాసార్లు దొరికినవి
మెరిసే గాజుపెంకులే.

పదకొండు కుటుంబాలు.
చివరికి జన్యువులో తప్పిన ఒక్క అక్షరం కనబడింది.
వ్యాసం అచ్చయింది. నా పేరు నాలుగోది.
అందులో సుంకులు "పి-సెవెన్".
చంకల సంగతి
"ముప్పై ఏడు డిగ్రీల వద్ద" అని రాశారు.
అబద్ధం కాదు.

సూది ముట్టొద్దని వందసార్లు చెప్పాను దానికి.
వినకుండా కుట్టుపని నేర్చుకుంది,
వేలికి ఇత్తడి టోపీ తొడుక్కొని.
నిన్న వచ్చింది. నేను రిటైరయ్యే వారం.
మైక్రోస్కోపుకు ముసుగు కుట్టి తెచ్చింది,
నీలం గుడ్డ, అంచుకు ఎర్ర పైపింగు, కొలత సరిగ్గా.
మడత విప్పితే మూలన
కందిగింజంత గోధుమరంగు చుక్క.

"ఇదేంది సుంకులూ?"
"పోటు పడిందిలేమ్మా."
"ఆగిందా?"
"ఆగింది. రొంతసేపుకు."

రొంతసేపంటే ఎన్ని నిమిషాలు అంటూ
కోటు జేబులో
పెన్ను వెతుక్కున్నాను.